నీళ్లు బాగున్నాయి, అరుగు బాగాలేదు: మెట్ట పల్లెల్లో కార్డు నీళ్ల ప్లాంటు

కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు ఏ పల్లెకు వెళ్లినా నీళ్ల ప్లాంటు ఇంచుమించు ఒకే అచ్చులో కనబడుతుంది. రెండడుగుల పునాది మీద ఒక గది, ముందు గోడకు రెండు పంపులు, వాటి పక్కన ముందే డబ్బు వేసుకున్న కార్డు పెట్టే డబ్బా, తలుపు పైన దాత పేరు చెక్కిన నల్లరాయి. లోపల గంటకు వెయ్యి లీటర్ల మంచినీళ్లు తీసే ఆర్వో యంత్రం. అమర్చిన కంపెనీ ఏదైనా డ్రాయింగు పెద్దగా మారదు కాబట్టి, ఈ రకం మొత్తాన్నీ ఒక సరుకుగా తీసుకుని, రోజూ వాడేవాళ్ల వైపు నుంచి సమీక్షిస్తున్నాం. నీళ్లు శుద్ధి చేసే పనికి 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. ఆ నీళ్లను మనిషి చేతికి అందించే పనికి 2 ఇవ్వడానికి కూడా మనసు రాదు.

ఎందుకంత కటువుగా అంటున్నామంటే, ఈ ప్లాంటు ఎవరి కోసం పెట్టారో వాళ్లే దాన్ని వాడుకోలేకపోతున్నారు. ఈ నేలలోని ఫ్లోరైడ్ సంగతి కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎముకల ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు) గురించి షార్ట్, ఆయన తోటి వైద్యులు 1937లో రాసిన పరిశోధన అప్పటి నెల్లూరు జిల్లా రోగుల గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వచ్చాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. అంటే తరాల తరబడి ఈ నీళ్లు తాగిన ఎముకలివి. జబ్బు ముదిరినవాళ్లకు నడుం వంగదు, మెడ తిరగదు, మోకాలు పూర్తిగా ముడుచుకోదు, వేళ్లు గట్టిగా బిగించలేరు. అలాంటి మనిషి ముందు మూడు మెట్లు, నేల మీద నింపి పైకెత్తాల్సిన 20 లీటర్ల క్యాను, మెడ ఎత్తి చూడాల్సిన తెర పెట్టి "మీకోసమే" అంటున్నాం.

ముందు యంత్రం సంగతి, ఎందుకంటే అక్కడ చెప్పుకోదగ్గ మంచి ఉంది. బోరు నీళ్లు మొదట ఇసుక ఫిల్టరులోకి, తర్వాత కార్బన్ ఫిల్టరులోకి వెళ్తాయి. మెంబ్రేన్ అనే వడకట్టే పొర మీద ఉప్పు పేరుకోకుండా యాంటీస్కేలెంట్ చుక్కలు కలుస్తాయి. 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి దాటాక హైప్రెషర్ పంపు ఆ నీళ్లను మెంబ్రేన్ల గుండా నెడుతుంది, చివర క్రిములను చంపే యూవీ దీపం. బాగా నడిచే మెంబ్రేన్ ఫ్లోరైడ్‌లో 90 శాతానికి పైగా ఆపేస్తుంది. బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములున్నా బయటికొచ్చేది అర మిల్లీగ్రాముకు లోపే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. కాబట్టి యంత్రం తన పని తాను చేస్తుంది.

చెడేది బైపాస్ వాల్వు దగ్గర, అంటే బోరు నీళ్లను శుద్ధి కాకుండానే పక్కదారిలో కలిపే చోట. ఆర్వో నీళ్లు చప్పగా ఉన్నాయని జనం అంటారు. రుచి కోసం ఆపరేటరు కొంచెం బోరు నీళ్లు కలుపుతాడు. కరెంటు ఖర్చూ తగ్గుతుంది. లెక్క చూడండి. శుద్ధి అయిన నీళ్లలో 0.2, బోరులో 4 ఉన్నాయనుకుందాం. ఐదోవంతు బోరు నీళ్లు కలిపితే క్యానులో 0.96, అంటే అంచున ఆగింది. ఐదింట రెండొంతులు కలిపితే 1.72, హద్దు దాటింది. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు ఈ తేడా పట్టించదు. టీడీఎస్ 500 లోపే ఉండి ఫ్లోరైడ్ 1.5 దాటిన నీళ్లు ఈ ప్రాంతంలో అసాధ్యమేమీ కాదు. ఫ్లోరైడ్‌కు విడిగా రంగు పరీక్ష చేయాలి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఫీల్డ్ టెస్ట్ కిట్టు వాడటం నేర్పించాలని నియమం ఉంది. ప్లాంటు నీళ్లను నెలకోసారి వాళ్ల చేతనే పరీక్ష చేయించి, తేదీ, అంకె గోడ మీద రాయిస్తే ఆ వాల్వు దానంతటదే అదుపులో ఉంటుంది. ప్లాంటు కొనేటప్పుడు అసలు బైపాస్ పైపే వద్దనడం ఇంకా మేలు. రుచి కావాలంటే ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జి విడిగా దొరుకుతుంది.

ఇక అరుగు. 20 లీటర్లంటే 20 కిలోలు, క్యాను బరువు అదనం. ప్రస్తుత డ్రాయింగులో పంపు కింద గచ్చు మీద క్యాను పెట్టి నింపాలి. నిండాక వంగి, నేల మీద నుంచి నడుముకు ఎత్తుకోవాలి, తర్వాత మెట్లు దిగాలి. నడుం బాగున్న ముప్పై ఏళ్ల మనిషికే ఇది మంచిది కాదు. దీనికి మందు నడుమెత్తు దిమ్మె. క్యాను ముందే దిమ్మె మీదుంటే, నిండాక ఎత్తే పని లేదు. చంకకు జరుపుకుంటే చాలు, లేదా టీవీఎస్ ఎక్సెల్ ముందు భాగంలోకి దించుకోవచ్చు. ఎత్తు ఎంత అన్నది పుస్తకం చూసి రాయకండి. మామూలు ఇటుక మందం మూడంగుళాలు. సిమెంటు లేకుండా ఎనిమిది వరసలు పేర్చి, పైన బండ పెట్టి, ఊళ్లో నీళ్లు మోసే ఆడవాళ్లను నిండు క్యాను ఎత్తుకోమనాలి. ఒక్కో వరస పెంచుతూ, తీస్తూ చూస్తే పది వరసల దగ్గర, అంటే 75 సెంటీమీటర్ల దగ్గర చాలామందికి కుదరొచ్చు. నేల మీద పెట్టి నింపేది కూడా ఒకటి ఉండనివ్వాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఒళ్లో పెట్టుకునే, పిల్లలు సైకిలు కొక్కేనికి తగిలించుకునే చిన్న బిందెలకు తక్కువ ఎత్తు పంపే అక్కరకొస్తుంది. రెండు పంపులు ఎలాగూ ఉన్నాయి. రెండూ ఒకే ఎత్తులో ఎందుకుండాలి?

మెట్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ర్యాంపు వాలు 1:12 ఉండాలన్నది దేశమంతటికీ వర్తించే లెక్క, 2021 నాటి సార్వజనిక సౌలభ్య మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. రెండడుగుల పునాదికి ఆ వాలు ప్రకారం 24 అడుగుల ర్యాంపు కావాలి. స్థలం లేక చాలాచోట్ల ఎనిమిదడుగుల్లో ముగిస్తారు. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. ఖాళీ చక్రాల కుర్చీనే తోయలేం, నిండు క్యానుతో దిగడం ప్రమాదం. అసలు పరిష్కారం ర్యాంపు కట్టడంలో లేదు. వాన నీళ్ల భయం యంత్రానికి, మోటారుకు, కరెంటు పెట్టెకు. పునాది వాటికి చాలు. నీళ్లు పట్టుకునే చోటును గదిలోంచి బయటికి తీసి, రోడ్డు మట్టానికి రెండంగుళాలు మించకుండా, కొద్దిపాటి వాలుతో కలిపేస్తే మెట్టే ఉండదు. ఈ ఒక్క మార్పుకు అదనంగా అయ్యేది కొన్ని అడుగుల పైపు మాత్రమే. డ్రాయింగు గీసేటప్పుడు మూడు చక్రాల బండిలో తిరిగే మనిషిని ఒక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే ఈ మాట ఆ రోజే బయటపడేది.

గచ్చు రాయి గురించీ ఒక మాట. చీమకుర్తి దగ్గరే కదా, దాత గొప్పగా ఉండాలనుకుంటాడు కదా అని కొన్నిచోట్ల పాలిష్ గ్రానైట్ పరుస్తున్నారు. తడిసి, నాలుగు వారాలు పాచి పట్టాక దాని మీద నిలబడటం కష్టం. ఉలి దెబ్బలున్న గరుకు బండ గానీ, చీపురుతో గీతలు గీసిన సిమెంటు గచ్చు గానీ వేయాలి. పాలిష్ రాయి దాత పేరుకు వాడుకోవచ్చు. పట్టుకునే కమ్మీ 85 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు వైపులా. పంపుకు తిప్పే పిడి వద్దు, ముంజేతితో నొక్కినా తెరుచుకునే లివరు కావాలి, బిగుసుకున్న వేళ్లకు అదే సులువు.

కార్డు విధానం వల్ల లాభం లేదనలేం. ఆపరేటరు లేకపోయినా నీళ్లొస్తాయి, డబ్బు లెక్క దొరుకుతుంది. ఇబ్బందులు వాడకంలో ఉన్నాయి. ఒకేసారి కనీసం వంద రూపాయలు వేయాలంటే రోజు కూలి మీద బతికే ఇంటికి అది భారం. ఐదు రూపాయల బిళ్ల వేసే దారి పక్కనే ఉండాలి. రీచార్జి ఫోనులోనే అంటే, పిల్లలు హైదరాబాదుకో బెంగుళూరుకో బేల్దారి పనికి వెళ్లిపోయి ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు పక్కింటివాళ్ల చుట్టూ తిరగాలి. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు. బటను నొక్కితే సరిగ్గా 20 లీటర్లు వచ్చేదాకా ఆగదు. 12 లీటర్ల బిందె తెచ్చిన మనిషికి మిగతా 8 లీటర్లు, వాటి డబ్బులు కాలవ పాలు. సరిచేయడం కష్టం కాదు. 5, 10, 20 లీటర్లకు మూడు బటన్లు, వాటి మీద చెంబు, బిందె, క్యాను బొమ్మలు, చేత్తో తడిమితే తెలిసేలా ఉబ్బెత్తుగా. మధ్యలో ఆపే పెద్ద ఎర్ర బటను. మిగిలిన డబ్బు ఎంతో తెలుగులో పలికే చిన్న స్పీకరు. కార్డు పెట్టే చోటు నేల నుంచి 110 సెంటీమీటర్లకు మించకూడదు. ఈ మార్పులు ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగాలి, తర్వాత అడిగితే యంత్రమే మార్చాలంటారు.

ధర కూడా డిజైనులో భాగమే. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు కావాలని ఇలాంటి ప్లాంట్ల గురించి జల్ జీవన్ మిషన్ చెబుతుంది. నలుగురున్న ఇంటికి దగ్గర దగ్గర రెండు క్యాన్లు. క్యాను ఐదు రూపాయలైనా నెలకు మూడొందలు. అందుకే చాలా ఇళ్లు ఒక్క క్యానే తెచ్చుకుని తాగడానికి ఉంచుకుంటాయి, అన్నం, పప్పు బోరు నీళ్లతోనే వండుతాయి. వండితే నీళ్లు ఆవిరవుతాయి గానీ ఫ్లోరైడ్ పోదు, పైగా చిక్కబడుతుంది. సగం నీళ్లే మార్చిన ఇంట్లో ఫ్లోరైడ్ సగమైనా ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది. చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్లకు, పళ్లు ఏర్పడే వయసు పిల్లలున్న ఇళ్లకు రెండో క్యాను ఉచితంగానో సగం ధరకో ఇవ్వాలి. దాన్ని కార్డులోనే నమోదు చేస్తే వరసలో నిలబడి ఎవరూ అడుక్కోవాల్సిన పని ఉండదు.

వేళల దగ్గర కూడా అడక్కుండా పెట్టిన గడియారమే. పొద్దున 7 నుంచి 10 అని బోర్డు రాస్తారు. పొగాకు కొట్టే రోజుల్లో, మిరప కోతల్లో కూలికెళ్లే ఆడవాళ్లు వెలుగు రాకముందే ఆటో ఎక్కుతారు. వాళ్లకు తెల్లవారుజామున 5కు, రాత్రి 8కి నీళ్లు కావాలి. రాత్రి అంటే దీపం కావాలి, దారిలోనూ కావాలి.

ఇక ప్లాంటు ఎక్కడ కడతారన్నది. సాధారణంగా పంచాయతీ ఆఫీసు పక్కనో, దాత ఇచ్చిన స్థలంలోనో, ఊరి నడిమధ్య. ఎస్సీ కాలనీ అక్కడికి అరకిలోమీటరు దూరం. బరువుతో ఆ దూరం నడవడమే కాదు, ఆ వీధిలో నిలబడి వరస కోసం మాట్లాడాల్సి రావడం కూడా ఒక ధర. కాలనీకి వేరే పంపు పెడతాం అని కొందరు చెప్పే ఉపాయం సరైనది కాదు, అది వేరు చేయడాన్ని సిమెంటుతో కట్టడం. ఊరికీ కాలనీకీ మధ్య, ఇద్దరూ మామూలుగా వచ్చిపోయే రోడ్డు పక్కన ప్రభుత్వ స్థలంలో ప్లాంటు ఉండాలి. అది కుదరకపోతే అదే ట్యాంకు నుంచి పైపు లాగి, రెండుచోట్లా అందరికీ తెరిచి ఉండే పంపులు పెట్టాలి. కార్డు ఎక్కడైనా చెల్లాలి. దాత స్థలమైతే పునాది తవ్వకముందే పంచాయతీ పేరున రిజిస్టరు చేయించాలి. లేకపోతే తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో అందరికీ తెలుసు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: పనికిరాని నీళ్లు ఎటు పోతున్నాయి? మామూలు ప్లాంటులో తోడినదాంట్లో సగమే మంచినీళ్లు. గంటకు వెయ్యి లీటర్లు తీస్తే, ఇంకో వెయ్యి లీటర్లు ఉప్పూ ఫ్లోరైడూ దాదాపు రెట్టింపై బయటికి పోతాయి. రోజుకు ఆరు గంటలు నడిస్తే 300 క్యాన్ల మంచినీళ్లు, 6,000 లీటర్ల చెడ్డ నీళ్లు. అవి పల్లానికి పోతాయి, పల్లంలో ఎవరి ఇళ్లున్నాయో చూడండి. గుంటలో నిలిస్తే గొడ్లు తాగుతాయి, వాటి పళ్లూ ఎముకలూ చెడతాయి. ఇంకుడుగుంటలో వదిలితే మళ్లీ అదే బోరులోకి. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరవుతాయని లెక్కేసినా 6,000 లీటర్లు ఆర్పడానికి 1,200 చదరపు మీటర్ల చెరువు కావాలి, అంటే సుమారు 30 సెంట్లు, అడుగున ప్లాస్టిక్ పరచి, చుట్టూ కంచె వేసి. అంత స్థలం దొరికే ఊళ్లు తక్కువ. కాబట్టి బడి మరుగుదొడ్లకు పైపు వేసి అక్కడ వాడుకోవడం, మిగిలింది మాత్రమే చిన్న గుంటలో ఆర్పడం చేయాలి. కాంక్రీటు పనికి ఆ నీళ్లు వాడొద్దు, ఇనుము తుప్పు పడుతుంది. ఈ పైపు ఎటు పోవాలో నిర్ణయించేటప్పుడు దాని చివరన ఇల్లున్నవాళ్లు కూర్చోకపోతే ఆ నిర్ణయం చెల్లకూడదు.

ఇన్ని లోపాలకూ మూలం ఇంజనీరు చెడ్డవాడై కాదు. డ్రాయింగు ముందే తయారై ఊరికి వస్తుంది. అప్పుడు గ్రామసభ పెట్టి, చదివి వినిపించి, సంతకాలు తీసుకుంటారు. ప్రజల పాలుపంచుకోవడాన్ని అమెరికా నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించారు. పాల్గొన్నట్టు పేరుకు చూపించి తమ మాటే నెగ్గించుకోవడం మొదటి మెట్టు, ఊరికే సమాచారం చెప్పడం మూడో మెట్టు, అభిప్రాయం అడగడం నాలుగోది. కలిసి నిర్ణయించే భాగస్వామ్యం ఆరో మెట్టుకు గానీ రాదు. మన సంతకాల సభ చాలాసార్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతోంది. జల్ జీవన్ మిషన్ ఊరి నీటి కమిటీలో 10 నుంచి 15 మంది, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలంటుంది. పేర్లు రాయడం సులువు, మాట చెల్లడమే కావాల్సింది.

చేయాల్సిన తీరు ఇది. మొదట రచ్చబండ దగ్గర కాకుండా, ఇప్పుడు నీళ్లు పట్టుకునే చోటే, పట్టుకునే వేళకే వెళ్లి చూడాలి, అడగాలి. ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, రానివాళ్లకు ఎవరు తెచ్చిస్తున్నారు. డ్వాక్రా సంఘాల మీటింగు మంచిదే గానీ అందులో లేనివాళ్లుంటారు: ఒంటరి ముసలివాళ్లు, వలస వచ్చినవాళ్లు, అప్పు కట్టలేక సంఘం మానేసినవాళ్లు. వాళ్ల గడప దగ్గరికే వెళ్లాలి. ఆడవాళ్లతో, కాలనీ వాళ్లతో, వికలాంగులతో విడివిడిగా కూర్చున్నాకే అందరినీ కలిపి కూర్చోబెట్టాలి. ముందే కలిపితే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే రాసుకొస్తాం. కూలి మానుకుని వచ్చినవాళ్లకు ఆ పూట కూలి ఇవ్వాలి. సర్వేయరుకు, కన్సల్టెంటుకు డబ్బిచ్చే ఎస్టిమేటులో వీళ్లకు ఒక వరస ఉండకపోవడం న్యాయం కాదు, నీళ్ల గురించి ఎక్కువ తెలిసింది వీళ్లకే.

కాగితం మీది డ్రాయింగు చూసి అభిప్రాయం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. మేస్త్రీ ఎలాగూ పునాదికి ముగ్గు పోస్తాడు. ఆ ముగ్గు ఒక వారం ముందు పోయించండి, గది, పంపులు, అరుగు, వరస నిలబడే చోటు, బండ్లు ఆపే చోటు అసలు కొలతల్లో. ఇటుకలు పేర్చి దిమ్మె, అట్టపెట్టె కట్టి కార్డు డబ్బా, నిజమైన నిండు క్యాన్లు. జనాన్ని ఆ ముగ్గులో నడిపించండి, మూడు చక్రాల బండి తిప్పించండి. తలుపు ఇరుకు, మలుపు చాలదు, వరస ఎండలో పడుతుంది అన్న సంగతులు అప్పుడు బయటపడతాయి. ముగ్గు చెరిపి మళ్లీ పోయడానికి అయ్యే ఖర్చు ఒక శేరు పిండి. కాంక్రీటు పగలగొట్టడానికి అయ్యే ఖర్చు ఎవరూ ఎప్పుడూ పెట్టరు. వాదన తెగని చోట ఎవరి మాటకు బరువు ఇవ్వాలో కూడా ముందే చెప్పుకోవాలి: దిమ్మె ఎత్తు మోసేవాళ్లది, వేళలు కూలికెళ్లేవాళ్లవి, చెడ్డ నీళ్ల దారి పల్లంలో ఉండేవాళ్లది.

ఇప్పటికే కట్టేసిన ప్లాంటయితే ముందు దిమ్మె కట్టించండి: రెండు ఇటుక స్తంభాలు, పైన గరుకు కడప బండ, ఒక్కరోజు తాపీ పని. తర్వాత పంపు పైపును రోడ్డు మట్టానికి తెప్పించండి, బైపాస్ వాల్వుకు సీలు వేయించండి. కొత్తగా కొనేవాళ్లు ఒప్పందంలోనే ఒక షరతు రాయించుకోవాలి. ప్లాంటు మొదలైన మూడు నెలలకు ఐదుగురు వచ్చి వాడి చూస్తారు: నడుం వంగని ఒక పెద్దావిడ, చంటిబిడ్డతో ఒక తల్లి, చక్రాల బండిలో ఒకరు, చూపు తక్కువైన ఒకరు, ఇంటి నుంచి నీళ్లకు పంపే పదేళ్ల పిల్ల. ఎవరి సాయం లేకుండా ఐదుగురూ కార్డు పెట్టి, పట్టుకుని, రోడ్డు మీదికి రాగలగాలి. రాలేకపోతే ఎక్కడ ఆగిందో రాసుకుని కంపెనీ సొంత ఖర్చుతో మార్చాలి. చివరి 10 శాతం బిల్లు ఆ ఐదుగురి సంతకాలో వేలిముద్రలో పడ్డాకే.